గొళ్ళెం పడిన నెత్తురు

మా ఆయన కనిపెట్టిన వస్తువుకు గొళ్ళెం అని పేరు పెట్టింది నేనే. ఆయన పెట్టుకున్న పేరు ఇంగ్లీషులో బారెడు పొడుగుండేది. "అది పలికేలోపు పేషంటు డిశ్చార్జి అయి ఇంటికెళ్లిపోతాడండీ" అన్నాను. ఆపరేషన్ థియేటర్‌లో అందరూ నవ్వారు. ఆయన మూతి ముడుచుకున్నారు గానీ, చివరికి గొళ్ళెమే ఖాయమైంది.

విజయనగరంలో మాదో చిన్న నర్సింగ్ హోమ్. మా ఆయన భానోజీరావు సర్జను. నేను ఇందుమతిని, మత్తు డాక్టర్ని. ఇంట్లో ఆయన్ని "ఏవండీ" అంటాను. థియేటర్‌లో కోపమొస్తే "డాక్టర్‌గారూ" అంటాను. ఆ మాట వినపడిందంటే మా సిస్టర్ ఎస్తేరు తలెత్తకుండా కత్తెర్లు సర్దుకుంటుంది.

అపెండిక్సు తీసేటప్పుడు ముందు దానికి రక్తం తెచ్చే సన్నటి ధమనిని మూయాలి. అది చేయి జారిందా, కడుపంతా నెత్తురే. పాతకాలం నుంచీ దానికి దారం కట్టి ముడి వేస్తున్నారు. తర్వాత కరెంటుతో కాల్చి మూసే పద్ధతి వచ్చింది. ముడికి టైము పడుతుంది, కాలిస్తే పక్కన పేగుకు సెగ తగులుతుందేమోనని బెంగ. గొళ్ళెంతో ఆ తంటాలేవీ లేవు. చూడడానికి పెన్నులా ఉంటుంది. కొన ధమనికి ఆనించి మీట నొక్కితే టిక్కుమంటుంది, ధమని గోడలోని కండరం తనంతట తానే బిగుసుకుని మూసుకుపోతుంది. దెబ్బ తగిలిన రక్తనాళం కాసేపు అలా బిగుసుకోవడం ఒంటికి మామూలే. గొళ్ళెం ఆ బిగువును మళ్లీ సడలనివ్వదు, అంతే తేడా.

అనుమతులన్నీ తెచ్చుకుని, కొందరికి దారం, కొందరికి సెగ, కొందరికి గొళ్ళెం పెట్టి పోల్చి చూశాం. ఆపరేషన్ అయ్యాక రక్తం అద్దిన గాజుగుడ్డల్ని ఎస్తేరు తూకం వేసేది. దారం వాళ్లవి బరువుగా తూగేవి, సెగ వాళ్లవి కొంచెం తక్కువ. గొళ్ళెం వాళ్ల గుడ్డలు పెట్టెలోంచి తీసినట్టే తెల్లగా ఉండేవి.

మా ఊళ్లో ఒక అలవాటుంది. లోపల తీసిన ముక్కను ట్రేలో పెట్టి బయటివాళ్లకు చూపించకపోతే ఆపరేషన్ జరిగినట్టు ఎవరూ నమ్మరు. మా ఆయన ఆ ట్రేలో అపెండిక్సు పక్కన మడతపెట్టిన తెల్లగుడ్డ కూడా పెట్టుకుని వెళ్లేవారు. "చూడండి, మీవాడి నెత్తురు ఒక్క చుక్క కూడా వృథా కానివ్వలేదు" అనేవారు. వాళ్లు దణ్ణాలు పెట్టేవాళ్లు. ఆ దణ్ణాలు ఈయన తలకి కొంచెం ఎక్కువగానే ఎక్కాయని నాకు అనుమానం.

లేకపోతే కన్నకూతురికి తానే కత్తి పడతారా ఎవరైనా? మా మేదినికి పెళ్లయిన కొత్తలో, మా ఇంట్లో ఉండగానే, అపెండిక్సు నొప్పి వచ్చింది. "వైజాగ్ తీసుకెళ్దామండీ" అన్నాను. "గొళ్ళెం చేతిలో ఉండగా వైజాగ్ ఏమిటే, నీ మొహం" అన్నారు. బ్రహ్మాండంగా అయింది. అల్లుడు తారకేశ్వర్‌కు ట్రే చూపించి, "మీ ఆవిడ నెత్తురు ఒక్క చుక్క పోలేదు బాబూ" అని భుజం తట్టారు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఆ తర్వాత మేదిని పురిటికి వచ్చింది. నెలలు నిండవస్తున్నా కడుపు చిన్నగా ఉందని నాకు లోపల్లోపల పీకుతూనే ఉంది. షుగరు చూద్దామని ఎస్తేరు వేలికి సూది గుచ్చింది. చుక్క రాలేదు. పిండింది, రాలేదు. ఇంకో వేలికి గుచ్చింది, అదీ అంతే.

"అక్కా, నువ్వు సూది గుచ్చుతున్నావా, ఉత్తినే పొడుస్తున్నావా?" అని మేదిని నవ్వింది.

నేను ఆ వేళ్లు పట్టుకుని చూశాను. గుచ్చినచోటు నుంచి తెలుపు మెల్లగా కిందికి పాకుతోంది. వేలి కొన చల్లగా ఉంది. సాయంత్రానికి గానీ మళ్లీ రంగు రాలేదు. మా ఆయనకు చెబితే, "భలే! ఒంట్లో ఇంత గట్టిగా పనిచేస్తోందన్నమాట" అని మురిసిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

గొళ్ళెం పెట్టించుకున్నవాళ్లందరికీ ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేశాను. గెడ్డం గీసుకుంటుంటే తెగినా రక్తం రావట్లేదని ఒకాయన సంబరపడ్డాడు. కాలికి మేకు దిగిన ఇంకొకాయన, పుండు నెలలుగా మానడం లేదన్నాడు. బట్టలు కుట్టే ఒకావిడ మాత్రం భోరుమంది. సూది గుచ్చుకున్న వేలు నల్లబడిపోతే, షుగరు జబ్బనుకుని ఇంకెక్కడో ఆ వేలి కొన తీసేశారట.

ఫోన్ పెట్టేసి ఆయన గదిలోకి వెళ్లాను. "డాక్టర్‌గారూ, రక్తం వృథా కాలేదు, నిజమే. గాయం మానాలంటే అక్కడికి రక్తం రావాలా వద్దా?"

ఆయన ఏదో అనబోయారు. నేను కుట్టుపని ఆవిడ వేలి సంగతి చెప్పాను. ఆయన లేచి పెరటివైపు గదిలోకి, కుందేళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. మొదట గొళ్ళెం పరీక్షించింది వాటిమీదే. అందులో కొన్ని ఇంకా బతికే ఉన్నాయి.

మర్నాడు నన్ను పిలిచారు. ఒక కుందేలు చెవి మీద బ్లేడుతో చిన్న గీత పెట్టారు. రక్తం రాలేదు. గీతకు రెండు పక్కలా చెవి పాలిపోతూ, చూస్తుండగానే మొదలు దాకా తెల్లబడిపోయింది.

"మనం మూసి కోసేశాక మిగిలిన ధమని మొండి ఊరుకోలేదు ఇందూ" అన్నారు. "మూసుకో, మూసుకో అని పక్కనున్న కండరానికి మాట అందిస్తూనే ఉంది. అది దాని పక్కదానికి, అలా ఒళ్లంతా. ఎక్కడ దెబ్బ తగిలినా అక్కడ గొళ్ళెం పడిపోతోంది."

"మరి కడుపుతో ఉన్నవాళ్లకి?"

ఆయన మూలనున్న బుట్ట వైపు చూశారు. దాంట్లో ఒక చూడి కుందేలు చచ్చి ఉంది. గర్భసంచి మీద కోత పెట్టగానే సంచి అంతా తెల్లబడిపోయిందని, పిల్లలు ఒక్కటీ దక్కలేదని, నా మొహం చూడకుండా చెప్పారు. కుట్లు వేసినా ఆ తల్లి కోత అంచులకు రక్తం రాలేదట, రాత్రికే పోయిందట. నేను వెళ్లి మేదినిని స్కానుకు బయల్దేరదీశాను.

మా స్నేహితురాలు హైమ గైనకాలజిస్టు. ఆమె స్కాను చేసి మెషీన్ కట్టేసింది. "బిడ్డకి వెళ్లే రక్తం సగమే ఉంది. గర్భసంచి నాళాలు ఈ నెలలకి బాగా తెరుచుకోవాలి, తెరుచుకోలేదు. ఈ బిడ్డ నొప్పులు తట్టుకోలేదు ఇందూ. సిజేరియన్ తప్పదు."

"కోస్తే గొళ్ళెం పడుతుంది" అన్నాను.

"కోయకపోతే బిడ్డ ఉండదు" అంది హైమ.

వైజాగ్‌లో పెద్ద పెద్దవాళ్లకి ఫోన్లు చేశాం. తీసుకురండి, చూద్దాం అన్నారు. ఏం చూస్తారో వాళ్లకీ తెలీదు. మేదినికి చెప్పకుండా ఉండలేకపోయాం. అంతా విని, "నాన్నా, నాకేమైనా ఫరవాలేదు, దీన్ని మాత్రం బయటికి తియ్యండి" అంది. ఆయన దాని కాళ్లు నిమురుతూ అలాగే నిలబడిపోయారు.

హైమ ఇచ్చిన గడువు రెండు రోజులు. మొదటిరోజు పొద్దున్నే పైడిరాజు వచ్చాడు. గూడ్సు ఆటో తోలతాడు. అద్దాలు దింపుతుంటే అరచెయ్యి కోసుకుందట. తువ్వాలు చుట్టుకుని వచ్చాడు, తువ్వాలు తడిసి నేలంతా చుక్కలు. వీడికీ గొళ్ళెమే పెట్టాం, నాకు బాగా గుర్తు. తువ్వాలు విప్పి చూశాను. ఎర్రటి వేడి నెత్తురు నా మణికట్టు మీదుగా కారింది.

నాకు నవ్వు ఆగలేదు. "ఏవండీ! ఇలా రండి! రక్తం కారుతోంది! ఎంత బాగా కారుతోందో చూడండీ!" అని వరండా దద్దరిల్లేలా అరిచాను.

పైడిరాజు బిక్కచచ్చిపోయాడు. "ఏటమ్మా, నాను సచ్చిపోతుంటే మీరు నవ్వుతున్నారేటి? కుట్లెయ్యండమ్మా బాబూ, తల తిరిగిపోతంది!"

మా ఆయన వచ్చి వాడి చెయ్యి చూశారు, మొహం చూశారు. ఒక చేత్తో గాయాన్ని నొక్కిపట్టుకునే రెండో చేత్తో వాడి చొక్కా ఎత్తి, కడుపు మీద పాత మచ్చ వెతికారు. "ఏరా, నీ ఆపరేషన్‌లో కరెంటు పోయింది కదూ?"

"నాకేటి తెలుస్తాది బాబూ, మీరు మత్తిచ్చి పడుకోబెట్టీసినారు గదా!"

"పోయింది సర్" అంది ఎస్తేరు. "జనరేటరు కూడా అందుకోలేదు."

పోయింది. నాకూ గుర్తొచ్చింది, టార్చి పట్టుకున్నది నేనే. గొళ్ళెం టిక్కుమంది గానీ గట్టిగా పడిందో లేదో తెలీక, ఎందుకైనా మంచిదని ఆయన ధమని మీద కొంచెం పైగా దారం కట్టి ముడి వేశారు. గొళ్ళెం వాళ్లలో దారం కూడా ఉన్నది వీడొక్కడికే.

"దారం దగ్గర మాట తెగిపోయింది" అన్నారాయన, మెల్లగా. "ముడి కింద కండరం నలిగి చచ్చిపోతుంది. చచ్చిన కండరం మాట అందించలేదు."

పైడిరాజుకి కుట్లు వేసి, ఇంత కాఫీ పోసి పంపించాం. మధ్యాహ్నానికి ఆయన ఒక గొళ్ళెం కుందేలు కడుపు తెరిచి, పాత మొండి పైన దారం కట్టారు. నేను దాని చెవి చూస్తూ కూర్చున్నాను. ఓ ఎసరు పెట్టి అన్నం వార్చేంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత చెవి మొదట్లో గులాబీరంగు వచ్చింది, ఆపరేషన్‌కు ముందు పెట్టిన గీతలోంచి నెత్తురు ఊరింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లిలో కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

మనుషులకీ అలాగే అవుతుందా? ఎంతసేపు పడుతుంది? ఇంకో రెండు కుందేళ్ల మీద చూసి అప్పుడు చేద్దామనుకున్నాం. మేదిని కడుపులో బిడ్డకి ఆ ఓపిక లేకపోయింది. మర్నాడు పొద్దున టిఫిను తింటుంటే హైమ పరిగెత్తుకొచ్చింది. "బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది. వైజాగ్ దాకా ఆగదు. ఇప్పుడే."

థియేటర్‌లో నలుగురమే ఉన్నాం. నేను తల దగ్గర, కుడివైపు మా ఆయన, ఎదురుగా హైమ, ట్రేల దగ్గర ఎస్తేరు. వెన్నులోకి మత్తుసూది గుచ్చే ధైర్యం నాకు లేదు. అక్కడ గొళ్ళెం పడితే మేదిని కాళ్లే పోతాయి. అందుకని పీల్చే మత్తు గ్యాసు. గ్యాసు ఎక్కువసేపు ఇస్తే బిడ్డ కూడా మత్తులోకి పోతుంది. డ్రిప్పు కోసం ఎడమచేతికి ఒకే ఒక్క సూది పెట్టాను. చెయ్యి మణికట్టు దాకా సున్నం కొట్టినట్టు అయిపోయింది, పెద్ద నరంలో డ్రిప్పు మాత్రం ఎలాగో దిగుతోంది.

"అమ్మా, ఇక్కడే ఉంటావుగా?" అంది మేదిని, మాస్కు పెట్టబోతుంటే.

"ఎక్కడికి పోతానే" అన్నాను. 

ఆయన కత్తి అందుకున్నారు. కుడివైపు చిన్న కోత. చర్మం విడింది, కొబ్బరి ముక్క తెగినట్టు, ఒక్క చుక్క లేదు. అంచుల నుంచి తెలుపు బొడ్డువైపు పాకడం మొదలుపెట్టింది. అది గర్భసంచి దాకా పోయేలోపు ఆయన పాత మొండిని పట్టుకోవాలి. బిడ్డ గుండె చప్పుడు మెషీన్‌లోంచి వినిపిస్తోంది. టక్కు, టక్కు, మధ్యలో ఖాళీ.

"కనపడట్లేదు" అన్నారు.

"డాక్టర్‌గారూ, నిదానంగా" అన్నాను. కోపంతో కాదు, మరోలా పిలిస్తే ఏడ్చేస్తానని.

గర్భసంచి పేగుల్ని పైకి నెట్టేసింది. హైమ రెండు చేతులతో సంచిని పక్కకు పట్టుకుంటే, ఆయన వేళ్లతో తడుముతూ వెతికారు. దొరికింది. పెసరగింజంత గట్టి ముడత. "దారం" అన్నారు. ఎస్తేరు చేతిలో పెట్టింది. గొళ్ళెం వచ్చాక మూలపడేసిన దారం అది.  ఒక ముడి, దానిమీద ఇంకో ముడి.

"పడింది."

ఇక ఆగాలి. తెలుపు బొడ్డు దాటింది. టక్కు, ఖాళీ, టక్కు. గ్యాసు నా చేతిలో ఉంది. తగ్గిస్తే మేదిని మెలకువలోకి వస్తుంది, పెంచితే లోపలిది నిద్రపోతుంది.

"ఇందూ, ఇంక ఆగలేను" అంది హైమ. "కొయ్యనా?"

"ఒక్క నిమిషం" అన్నారు మా ఆయన. "ఇప్పుడు కోస్తే సంచి మొత్తం పోతుంది. మేదిని కూడా..." 

"ఆగితే బిడ్డ పోతుందండీ!"

ఇద్దరూ నావైపు తిరిగారు. సర్జన్లు కీచులాడుకుంటే మత్తు డాక్టరే తేల్చాలన్నట్టు. నేనేం తేల్చను? ఒకటి నా కూతురు, ఇంకొకటి నా కూతురి బిడ్డ. దేవుడా, నన్నెందుకు అడుగుతారు అనుకుంటూ తల దించాను. అక్కడ మేదిని ఎడమచెయ్యి ఉంది. నేను చూస్తున్నది నిజమేనా అని కళ్లకి అడ్డొస్తున్న నా మాస్కు కిందికి లాక్కుని మళ్లీ చూశాను. చిటికెనవేలి గోరు కింద సన్నగా గులాబీరంగు. తర్వాత ఉంగరం వేలు.

"వస్తోంది" అన్నాను. "వస్తోందండీ, చెయ్యి చూడండి, వస్తోంది!"

ఆయన చెయ్యి చూడలేదు, కోత చూశారు. తెల్లటి అంచు మీద ఆవగింజంత ఎరుపు ఊరింది. పెద్దదై జారింది. పక్కన ఇంకొకటి. ఎస్తేరు ఏళ్ల అలవాటు కొద్దీ గాజుగుడ్డ తీసి అద్దబోయింది.

"తుడవకు ఎస్తేరూ!" ముగ్గురం ఒకేసారి అరిచాం.

"కొయ్యి హైమా" అన్నాను.

హైమ కోసింది. అబ్బ, ఆ రక్తం! మామూలు సిజేరియన్‌లో ఎంత పోతుందో అంత పోయింది. నా ఉద్యోగమంతా ఆ రక్తాన్ని చూసి భయపడుతూ బతికాను. ఆ పూట మాత్రం పోనీ, పోనీ అనుకుంటూ చూశాను. హైమ బిడ్డను పైకి తీసింది. చిన్నది, నీలంగా, మెత్తగా వేలాడుతోంది. నేనిచ్చిన గ్యాసే అది. ఎస్తేరుకు మేదిని మాస్కు అప్పగించి బిడ్డను అందుకున్నాను. ముక్కు తుడిచి, వీపు రుద్ది, గాలి పట్టాను. "ఏడవ్వే, ఏడవ్వే తల్లీ, మీ అమ్మమ్మని చంపకే" అంటూనే ఉన్నాను. చివరికి పిల్లిపిల్లలా ఒకసారి కూసింది. తర్వాత ఊరంతా వినపడేలా ఎత్తుకుంది.

కుట్లు పడ్డాయి. కోత అంచులు ఎర్రగా ఒకదానికొకటి ఆనుకున్నాయి. అవి అతుకుతాయి. హైమ చేతులు కడుక్కోవడానికి వెళ్లి అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఎస్తేరు తడిసిన గుడ్డలన్నీ పోగుచేసి తూకం మీద పెట్టింది.

"ఏ గ్రూపులో వెయ్యమంటారు సర్?"

"దారం" అన్నారాయన. చేతొడుగులు తీసేస్తూ, "రేపటి నుంచి ఒక్కొక్కరినీ పిలవాలి. అందరికీ కట్టాలి. కుట్టుపని ఆవిడ దగ్గరికి నేనే వెళ్తాను" అన్నారు. గొళ్ళెం పెట్టె వైపు చూడను కూడా చూడలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ముందు అర్థం కాలేదు. తూకం మీంచి ఒక గుడ్డ తీసి, ఎర్రగా బరువుగా ఉన్నది, ట్రేలో పెట్టుకుని తలుపు తోసుకుని బయటికి వెళ్లారు. బిడ్డను ఎస్తేరుకిచ్చి వెనకాలే వెళ్లాను.

బెంచీ మీద కూర్చున్న తారకేశ్వర్ దిగ్గున లేచాడు. ట్రే వైపు చూసి మొహం పాలిపోయి, కిటికీ ఊచ పట్టుకున్నాడు. "మామయ్యగారూ... ఇంత రక్తమా?"

"అవును బాబూ" అన్నారు మా ఆయన. "మీ ఆవిడదే. ఇద్దరూ బాగున్నారు. చూడు, ఎంత రక్తం వచ్చిందో చూడు."

ఆయన ఏడుస్తున్నారు. ట్రే వణికిపోతోంది. నేను వెళ్లి రెండోవైపు పట్టుకున్నాను.